ఉప్పు జాడీల వెనక

మా ఇంట్లో దేవుడి గూడు ఉండేది కాదు. కృష్ణా జిల్లాలో మా ఊళ్ళో ఎవరింటికెళ్ళినా గోడ మీద వెంకటేశ్వరస్వామి పటమో, ఏసుప్రభువు పటమో కనిపించేది. మా ఇంట్లో మాత్రం 'సోవియట్ భూమి' వాళ్ళ కాలెండరు వేలాడుతుండేది. మా నాన్నగారు హైస్కూల్లో సోషలు మాస్టారు. ఆయనకి పార్టీ సభ్యత్వం ఉండేదో లేదో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు గానీ, మేడే నాడు మా ఇంటి మీద ఎర్రజెండా ఎగరని సంవత్సరం మాత్రం నాకు గుర్తులేదు.

మీలో నలభై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితం చిరగదు, నానదు. బడి తెరిచిన మొదటివారం మా పుస్తకాలకన్నిటికీ అట్టలు దానితోనే. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడుపుతూ నవ్వుతున్న అమ్మాయి, సైన్సు పుస్తకం మీద రాకెట్టు, తెలుగు వాచకం మీద గోధుమ చేలు! విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చిందంటే మాకు పండగే. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, రంగురంగుల బొమ్మలతో, రూపాయికీ రెండు రూపాయలకీ దొరికేవి. మంచు ఎలా ఉంటుందో నాకు వాటిలోనే తెలిసింది. పెన్సిల్వేనియాలో మొదటిసారి మంచు కురిసిన రోజు నాకు గుర్తొచ్చింది అమెరికా సినిమాలు కాదు, ఆ రష్యన్ కథల్లోని ముసలి తాతా, ఆయన గుర్రబ్బండీ.

ఇక మా అమ్మ. అమ్మకి ఒక పటం ఉండేది. వంటింటి పై అలమరలో ఉప్పు జాడీ, చింతపండు జాడీ, ఆవకాయ జాడీ వరసగా ఉండేవి. వాటి వెనక ఉండేది ఆ పటం. నాన్నగారు సైకిలెక్కి బడికి బయల్దేరాక అమ్మ పీట వేసుకుని ఎక్కి, ఉప్పు జాడీ పక్కకి జరిపి, రెండు నిమిషాలు చేతులు జోడించి నిలబడేది. కర్పూరం వాసన వచ్చేది. తర్వాత జాడీ మళ్ళీ యథాస్థానానికి చేరేది. ఒకసారి నేను చూసేశాను. అమ్మ నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, "నాన్నగారితో అనకు" అంది. నేను అనలేదు. బెల్లం కోసం కాదు, ఆ గొంతులో భయానికి.

ఈ సంగతి దాదాపు నలభై ఏళ్ళపాటు నా మనసులో ఏదో మూల పడి ఉంది. దాన్ని మళ్ళీ పైకి తీసింది మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు.

*

అమ్మ పోయిన తర్వాత నాన్నగారు మా దగ్గరికి ఆరునెలల కోసం వచ్చారు. మేముండేది హారిస్‌బర్గ్ దగ్గర. అప్పట్లో నా క్లయింటు విల్క్స్-బారీలో. ప్రతి సోమవారం తెల్లవారుజామున ఐ-81 ఎక్కడం, గురువారం రాత్రికి ఇంటికి చేరడం. కన్సల్టెంటు బతుకు మీకు కొత్తగా చెప్పాలా! ఆ దారిలో బొగ్గు గనుల కొండల మధ్య షెనాండోవా అనే ఊరి బోర్డు వస్తుంది. వందసార్లు చూసి ఉంటాను, ఒక్కసారీ అటు తిరగలేదు.

మా అమ్మాయి అప్పుడు ఏడో క్లాసు. పెన్సిల్వేనియాలో పుట్టి, జనం మరిచిపోయిన ఒక మనిషి గురించి రాసుకురమ్మని టీచరు ఒక జాబితా ఇచ్చిందట. అందులోంచి వాల్టర్ సిజెక్ అనే పేరు ఎంచుకుంది. ఎందుకమ్మా అంటే, "ఈయనది నువ్వు ప్రతి మండే వెళ్ళే రోడ్డు మీద ఊరే డాడీ. ఈజీగా ఉంటుందనుకున్నా" అంది.

"రష్యా గురించట. మావయ్యగారికి బాగా తెలుసుగా, ఆయన్నడుగు" అని మా ఆవిడ వంటింట్లోంచి సలహా ఇచ్చింది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని ఉత్సాహంగా కూర్చున్నారు. తీరా చూస్తే ఆ వాల్టర్ సిజెక్ ఒక కాథలిక్ ఫాదర్. 23 ఏళ్ళు సోవియట్ యూనియన్‌లో ఉన్నాడు. అందులో దాదాపు 14 ఏళ్ళు జైళ్ళలో, సైబీరియా శిబిరాల్లో.

నాన్నగారు కాగితం బల్ల మీద పెట్టేశారు. "ఇవన్నీ అమెరికా వాళ్ళ ప్రచారంరా. ఆ రోజుల్లో ఇలాంటి పుస్తకాలు బోలెడు వచ్చేవి" అన్నారు.

"అయితే తాతయ్యా, ఈయన అబద్ధం చెప్పాడా?" అనడిగింది మా అమ్మాయి.

మాస్టారు కదా! చదవకుండా జవాబు చెప్పడం ఆయన వృత్తికే అవమానం. "ఆయన పుస్తకం ఏదైనా ఉంటే తెప్పించు. చదివి చెప్తాను తల్లీ" అన్నారు.

మా ఊరి లైబ్రరీ ద్వారా రెండు పుస్తకాలు తెప్పించాను. 1964లో వచ్చిన 'విత్ గాడ్ ఇన్ రష్యా', 1973లో వచ్చిన 'హీ లీడెత్ మీ'. పగలు నాన్నగారు చదివేవారు, రాత్రుళ్ళు హోటల్ గదిలో నేను. గురువారం నేను ఇంటికొచ్చాక భోజనాల దగ్గర చర్చ. ఆ నెలరోజులు మా తండ్రీకొడుకులం మాట్లాడుకున్నంత అంతకుముందు ఇరవయ్యేళ్ళలో మాట్లాడుకుని ఉండం.

*

సిజెక్ 1904 నవంబరు 4న షెనాండోవాలో పుట్టారు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. పదముగ్గురు పిల్లల్లో ఈయన ఏడోవాడు. ఫాదర్లంటే చిన్నప్పట్నుంచీ బుద్ధిమంతులై ఉంటారనుకుంటాం గానీ, ఈయన వీధిలో పేరుమోసిన రౌడీ పిల్లాడు! బడి ఎగ్గొట్టడం, కొట్లాటలు. విసిగిపోయిన తండ్రి ఒకసారి స్వయంగా పోలీసు స్టేషనుకి లాక్కెళ్ళి, వీణ్ణి బాగుచేసే బడిలో పడెయ్యండని అడిగాడట. అలాంటివాడు తాను గురువునవుతానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

సెమినరీలో కూడా మొండితనమే. తెల్లవారకుండా లేచి మైళ్ళకొద్దీ పరుగు, చలిలో చెరువులో ఈత, తపస్సు కాలం నలభై రోజులూ రొట్టే నీళ్ళూ. ఎవరైనా 'నీ వల్ల కాదు' అంటే అది చేసి చూపించాలి. 1928లో జెస్యూట్ సభలో చేరారు. మరుసటేడు రష్యాలో పనిచేయడానికి గురువులు కావాలని పోప్ 11వ పయస్ రాసిన లేఖ అక్కడ చదివి వినిపించారు. అంతే, ఆ పిలుపు తనకేనని నిశ్చయించుకున్నారు. 1934లో రోమ్ వెళ్ళి, రష్యన్ భాషా, తూర్పు సంప్రదాయపు పూజావిధానమూ నేర్చుకుని 1937లో గురువు అయ్యారు.

కానీ రష్యాలోకి పంపే దారేది? 1917 విప్లవం తర్వాత చర్చిల ఆస్తులు ప్రభుత్వం తీసేసుకుంది. వేలమంది మతగురువుల్ని, ఆర్థడాక్స్ వాళ్ళనీ కాథలిక్కులనీ తేడా లేకుండా, అరెస్టు చేశారు. చాలామందిని కాల్చేశారు. 1930ల చివరికి అంత పెద్ద దేశంలో పనిచేస్తున్న కాథలిక్ చర్చిలు రెండే మిగిలాయి. ఒకటి మాస్కోలో, ఒకటి లెనిన్‌గ్రాడ్‌లో. విచిత్రమేమిటంటే మాస్కోలోని ఆ సెయింట్ లూయీ చర్చి, రహస్య పోలీసుల లుబ్యాంకా జైలుకి కూతవేటు దూరంలోనే ఉంది. 1936 నాటి స్టాలిన్ రాజ్యాంగంలో 124వ అధికరణం పౌరులకి ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చింది. దాంతోపాటే మతానికి వ్యతిరేకంగా ప్రచారం చేసుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. మతం గురించి ప్రచారం చేసే స్వేచ్ఛ మాత్రం అందులో లేదు.

"ఈ అధికరణం నేను పిల్లలకి పాఠం చెప్పానురా. మొదటి సగం చెప్పేవాణ్ణి" అన్నారు నాన్నగారు. మిగతా సగం గురించి ఏమీ అనలేదు.

*

సిజెక్‌ని తూర్పు పోలండ్‌లోని ఆల్బెర్టిన్ అనే చోటికి పంపారు. 1939 సెప్టెంబరులో ఒకవైపు నుంచి హిట్లర్ సేనలు, ఇంకోవైపు నుంచి స్టాలిన్ సేనలు పోలండ్‌ని పంచుకున్నాయి. ఈయనున్న చోటు సోవియట్ వాటాలోకి వచ్చింది. తాను రష్యాకి వెళ్ళలేకపోతే రష్యాయే తన దగ్గరికి వచ్చిందన్నమాట! యూరల్ కొండల్లో కర్మాగారాలకి కూలీలు కావాలని మనుషుల్ని తీసుకెళుతుంటే, 1940లో ఇంకో జెస్యూట్ గురువుతో కలిసి ఆ గుంపులో చేరిపోయారు. కాగితాల్లో పేరు వ్లాదిమిర్ లిపిన్‌స్కీ. బాంబు దాడిలో పెళ్ళాం పిల్లలు పోయిన ఒంటరి మనిషి. సామాన్ల పెట్టెలో వారాలపాటు రైలు ప్రయాణం. చుసొవోయ్ అనే ఊళ్ళో నదిలోంచి దుంగలు మోసి పేర్చే పని.

ఇక్కడికొచ్చేసరికి నాన్నగారి ముఖం మారింది. ఆ కథ ఆయనకి కొత్తది కాదు. 1948 నుంచి 1951 దాకా కమ్యూనిస్టుల కోసం పోలీసులు కోస్తా జిల్లాల్లో ఊళ్ళు జల్లెడ పట్టినప్పుడు, మా తాతయ్య పొలం మకాంలో దాక్కున్నవాళ్ళకి రాత్రిపూట అన్నం క్యారేజీ మోసేవాడు. వాళ్ళెవరి అసలు పేరూ తాతయ్యకి తెలీదు. అన్నీ మారుపేర్లే. "అసలు పేరు తెలిస్తే దెబ్బలకి ఓర్చుకోలేక చెప్పేస్తామేమోనని అడిగేవాళ్ళం కాదంటరా మీ తాత. ఈయనా అంతే చేశాడు" అన్నారు. మొదటిసారి ఆ ఫాదర్‌ని 'ఈయన' అన్నారు. అంతవరకూ 'వాడు'.

చుసొవోయ్‌లో ఇద్దరు గురువులూ అప్పుడప్పుడూ అడవిలోకి నడుచుకుంటూ వెళ్ళి, చెట్టు మొద్దునే బల్లగా చేసుకుని పూజ చేసుకునేవారు. అంతకు మించి ఏమీ చేయలేకపోయారు. సాటి కూలీలు దేవుడి మాటెత్తితేనే భయపడేవారు. ఇంత సాహసం చేసి వచ్చింది దుంగలు మోయడానికా అని సిజెక్ కుంగిపోయారట. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాడు. ఆ రోజుల్లోనే ఈయన్ని జర్మన్ గూఢచారి అని పట్టుకున్నారు. సాక్ష్యాలేమిటో తెలుసా? పూజకోసం దాచుకున్న వైను సీసాలు నైట్రోగ్లిజరిన్ అట. పళ్ళపొడి మందుగుండు అట. ఒక పిల్లాడికి అక్షరాలు నేర్పడానికి రాసిన కాగితం రహస్య సంకేతలిపి అట! మా అమ్మాయి ఇది విని పకపకా నవ్వింది. తాతయ్య నవ్వలేదు.

మాస్కోలోని లుబ్యాంకా జైల్లో ఐదేళ్ళ వరకూ ఉంచారు. ఎక్కువకాలం ఒంటరి గదిలో. పిచ్చెక్కకుండా ఉండడానికి ఆయన రోజుకొక టైంటేబిల్ వేసుకున్నారు. పొద్దున్నే పూజ ప్రార్థనలన్నీ కంఠతా అప్పజెప్పడం. క్రెమ్లిన్ గడియారం గంటలు వినిపించినప్పుడు మూడుపూటలా త్రికాల ప్రార్థన. లాటిన్‌లో, పోలిష్‌లో, రష్యన్‌లో జపమాల. జైలు లైబ్రరీ పుస్తకాలు. ఈ భాగం నేను విల్క్స్-బారీ హోటల్ గదిలో చదివాను. టీవీ ఉంది, ఫోనుంది, ఇంటర్నెట్ ఉంది. అయినా బుధవారం రాత్రికల్లా నాకు ఊపిరాడదు. సిగ్గేసింది.

అయితే నన్ను కదిలించింది ఆయన ధైర్యం కాదు, ఆయన ఓటమి. ఏడాదికి పైగా విచారణ తర్వాత ఒకరోజు సంతకం పెట్టకపోతే కాల్చేస్తామన్నారు. ఆయన సంతకం పెట్టేశారు. పేజీ తర్వాత పేజీ, తాను వాటికన్ గూఢచారినని ఒప్పుకుంటూ. చలి చెరువులో ఈదినవాడు, ఎవరికీ లొంగనివాడు! గదిలోకొచ్చి వణికిపోయారట. ఇన్నాళ్ళూ నేను నమ్ముకున్నది దేవుణ్ణి కాదు, నా మొండితనాన్ని అని అప్పుడు తెలిసిందంటారు. దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయనే పుస్తకంలో విడమరిచి రాసుకున్నారు. తర్వాత తమకి అనుకూలంగా పనిచేయమని ఎన్ని ఆశలు పెట్టినా ఈసారి 'చెయ్యను' అన్నారు. ఆ రోజు భయం వెయ్యలేదట.

1942 జులైలో తీర్పు వచ్చింది. 15 ఏళ్ళ కఠిన శ్రమ.

*

1946లో యెనిసెయ్ నది మీద పడవలో ఉత్తరానికి పంపారు. మొదట దుదింకా రేవులో ఓడలకి బొగ్గెత్తే పని. తర్వాత నోరిల్స్క్. ఆర్కిటిక్ వలయానికి సుమారు 300 కిలోమీటర్లు పైన. శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు కనిపించడు. చలి మైనస్ 40కి దిగుతుంది. నికెల్, రాగి, బొగ్గు గనులు ఖైదీల చేతుల మీదే నడిచాయి.

చిత్రం చూడండి. స్వేచ్ఛగా ఉన్నప్పుడు చుసొవోయ్‌లో చేయలేని గురుత్వం ఆయనకి శిబిరంలో దొరికింది. ఎందుకంటే అక్కడ పోగొట్టుకోవడానికి ఎవరికీ ఏమీ లేదు. ఎండుద్రాక్షని నీళ్ళలో పులియబెట్టి వైను చేసేవారు. రేషను రొట్టె ముక్కే ప్రసాదం. చిన్న గాజు గ్లాసే పూజాపాత్ర. గోదాం మూలలోనో, కడుతున్న భవనం పునాది గోతిలోనో బురదలో ఒదిగి కూర్చుని, మధ్యాహ్నం విరామంలో పూజ. ఆ రోజుల నియమం ప్రకారం సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు. అంటే, అసలే అరకడుపు తిండి తినే ఖైదీలు పొద్దున పూట ఇచ్చే ఆ కాస్తా మానేసి, మధ్యాహ్నం దాకా గడ్డపార పని చేసేవాళ్ళు. ఒక్క రొట్టె తునక కోసం! పట్టుబడితే శిక్ష. అయినా వచ్చేవాళ్ళు.

సిజెక్ ఇంకో పని చేసేవారు. ఇచ్చిన పని శ్రద్ధగా చేసేవారు. కమ్యూనిస్టుల కోసం అంత కష్టపడతావెందుకని తోటి ఖైదీలే తిట్టేవారట. పని దేవుడిచ్చింది, దాన్ని పాడుచేయడం నాకు చేతకాదనేవారు. నాన్నగారు ఈ పేజీలో కాగితం ముక్క పెట్టి నాకు చూపించారు. "శ్రమ గురించి మేం చదువుకున్నదీ ఇదేరా. వీళ్ళు చెప్పారు, ఆయన చేశాడు" అన్నారు.

1953లో స్టాలిన్ చనిపోయాక నోరిల్స్క్ ఖైదీలు సమ్మె కట్టారు. మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా సాగింది. చివరికి తుపాకులతో అణిచారు. ఈ సంగతి చదివిన రోజు నాన్నగారు భోజనానికి లేవలేదు. ఆయన ఉపాధ్యాయుల సమ్మెలో జీతం పోగొట్టుకున్న మనిషి. సమ్మె అనే మాట ఆయనకి దేవుడి పేరుతో సమానం. వాదించవలసినప్పుడల్లా ఆయన దగ్గరొక మాట సిద్ధంగా ఉండేది: "కొన్ని పొరపాట్లు జరిగాయి." ఆ రాత్రి ఆ మాట రాలేదు. "కార్మిక రాజ్యంలో సమ్మె మీద కాల్పులంట్రా" అని మాత్రం అన్నారు.

నేను గెలిచినట్టు అనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి దగ్గర్నుంచి ఆయన నమ్ముకున్నదాన్ని లాగేసుకుంటున్నానా అని. "నాన్నగారూ, భిలాయి ఉక్కు కర్మాగారం కట్టిచ్చింది వాళ్ళే కదా. నాకు చదువు మీద ఇష్టం పుట్టింది వాళ్ళ పుస్తకాలతోనే కదా" అన్నాను. "అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ నిజమైతేనేరా కష్టం" అన్నారు.

*

మిగతా కథ త్వరగా చెప్తాను. 1955 ఏప్రిల్‌లో ఆయన్ని శిబిరం నుంచి వదిలారు గానీ ఊరు దాటే హక్కివ్వలేదు. ఇక్కడ అమెరికాలో 1947లోనే ఆయన చనిపోయాడని లెక్క రాసేసి, ఆత్మశాంతికి పూజలు కూడా చేయించారు! 1955లో అక్కచెల్లెళ్ళకి ఆయన చేతిరాతతో ఉత్తరం వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట చనిపోయిన అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నోరిల్స్క్‌లో జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఆఖరి ప్రార్థనలు చేస్తూ గడిపారు. జనం ఎక్కువవుతుంటే 1958లో కేజీబీ వాళ్ళు ఊరు విడిచిపొమ్మన్నారు. క్రాస్నొయార్స్క్ వెళితే అక్కడా అదే కథ. చివరికి అబకాన్ అనే ఊళ్ళో మోటారు మెకానిక్కు. అక్కడా రహస్యంగా గురుత్వమే. 1963 అక్టోబరులో ఇద్దరు సోవియట్ గూఢచారులకి బదులుగా ఆయన్నీ, మార్విన్ మాకినెన్ అనే అమెరికన్ విద్యార్థినీ వదిలారు. అక్టోబరు 12న న్యూయార్క్‌లో దిగారు. అమెరికా విడిచి 29 ఏళ్ళు. వయసు 58. 1984 డిసెంబరు 8న పోయేదాకా తన దగ్గరికి వచ్చినవాళ్ళ కష్టాలు వింటూ గడిపారు. రష్యన్ ప్రజల మీద ద్వేషంతో ఒక్క మాట రాయలేదు. ఆయన అక్కడికి వెళ్ళింది వాళ్ళకోసమే కదా మరి.

ప్రాజెక్టు ఇచ్చే ముందు ఒక శనివారం అందరం షెనాండోవా వెళ్ళాం. ఒకప్పుడు పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్, ఐర్లండ్ నుంచి వచ్చిన గని కార్మికులతో కిటకిటలాడిన ఊరు. 1910లో జనాభా పాతికవేలు దాటింది, 2020 లెక్కల్లో నాలుగువేల చిల్లర. మూసేసిన దుకాణాలు, ఒకదానికొకటి ఆనుకున్న చెక్క ఇళ్ళు, బొగ్గు మసి గుట్టలు, ఇళ్ళ కప్పుల మీదుగా ఉక్రేనియన్ చర్చి గుమ్మటాలు. "అచ్చం కొత్తగూడెంలా ఉందిరా" అన్నారు నాన్నగారు. మధ్యాహ్నం పిరోగీలు తిన్నాం. కజ్జికాయలో కొబ్బరికి బదులు బంగాళదుంప పెట్టి ఉడకబెడితే పిరోగీ. "ఉప్పు తక్కువైంది" అని నాన్నగారు ఆగిపోయారు. చాలాసేపు ఏమీ తినలేదు.

తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో అందరూ నిద్రపోయారు. ఐ-81 మీద చీకటి పడుతోంది. నాన్నగారు ముందు సీట్లో కూర్చుని రోడ్డుకేసే చూస్తూ అన్నారు:

"మీ అమ్మ ఉప్పు జాడీ వెనక పటం పెట్టుకునేది. నీకు తెలుసా?"

నా చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. "మీకు తెలుసా నాన్నగారూ?"

"పెళ్ళయిన ఏడాదికే తెలుసు. కర్పూరం వాసన ఎక్కడికి పోతుంది! చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గొప్ప ఉదారుణ్ణని నాలో నేను అనుకున్నాను కూడా. నలభై ఏళ్ళు నా ఇంట్లో నా భార్య పీటెక్కి, భయపడుతూ దణ్ణం పెట్టుకుంది. 'ఎందుకు దాస్తావే, కిందికి దింపి పెట్టుకో' అని ఒక్కమాట... ఒక్కమాట అనలేకపోయానురా."

నేనేమీ మాట్లాడలేదు. నేను కూడా నలభై ఏళ్ళు ఊరుకున్నవాణ్ణే కదా. అమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. బీపీ మాత్రలు వేసుకున్నావా, అక్కడ వానలు పడ్డాయా, ఇవే పది నిమిషాలు. ఆ పటం మాట ఒక్కసారీ ఎత్తలేదు.

మా అమ్మాయి ప్రాజెక్టు చివర్లో టీచరు ఒక ప్రశ్న ఇచ్చింది: ఈయన కథ నుంచి నువ్వేం నేర్చుకున్నావు? అది తాతయ్యని అడిగింది, "తాతయ్యా, ఇందులో గుడ్ గైస్ ఎవరు, బ్యాడ్ గైస్ ఎవరు?" అని. ఆయన కాసేపాలోచించి, "తల్లీ, పేదవాడికి అన్నం పెట్టాలనుకోవడం మంచిదే. నాలాగే ఆలోచించు, లేకపోతే దాక్కో అనడం చెడ్డది. ఒకే మనిషి రెండూ చెయ్యగలడు. అలా రాయి" అన్నారు. అది అలాగే ఇంగ్లీషులో రాసుకుంది.

*

నాన్నగారు ఇండియా వెళ్ళిన వారానికి ఫోన్ చేశారు. వంటింటి అలమరలన్నీ వెతికారట. జాడీలున్నాయి, పటం లేదు. అమ్మ పోయాక ఇల్లు సున్నాలు వేయించినప్పుడు ఎవరు తీశారో, ఎటు పోయిందో తెలీదు. హైదరాబాదులో అక్కయ్యనడిగితే, అసలలాంటి పటం ఉందని తనకి తెలియనే తెలియదంది.

"ఒరేయ్, నువ్వు దగ్గర్నుంచి చూశావు కదా. అది ఏ దేవుడి పటంరా?" అనడిగారు.

గుర్తు తెచ్చుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. అమ్మ వీపు గుర్తుంది. పీట గుర్తుంది. కర్పూరం వాసన, బెల్లం ముక్క, ఆ భయం, అన్నీ గుర్తున్నాయి. పటంలో ఎవరున్నారో గుర్తులేదు. తిరుపతి వెంకన్నో, బెజవాడ కనకదుర్గో, ప్రతి ఫిబ్రవరిలో బజారు పనుందని చెప్పి అమ్మ వెళ్ళొచ్చే గుణదల మేరీమాతో. ఎవరైనా కావచ్చు.

"తెలీదు నాన్నగారూ" అన్నాను.

"నాకూ తెలీదురా" అన్నారు.

ఇది చదువుతున్న మీ అమ్మలు బతికుంటే, ఈ ఆదివారం ఫోన్‌లో బీపీ మాత్రల సంగతయ్యాక ఇంకో ఐదు నిమిషాలు ఉండండి. వాళ్ళు దేన్ని నమ్ముకున్నారో అడగండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు మనకంటే బాగా అడుగుతారు.